చెవిలో హోరుకు పసుపు మాత్రా?
వంటింటి పసుపు వేరు.. సీసాలోని పసుపు వేరు
కారణం తేల్చుకోకుండా వాడితే కాలయాపనే

పెద్దముడియం: చుట్టూ నిశ్శబ్దంగా ఉన్నా చెవిలో మాత్రం శబ్దం మోగుతూనే ఉంటుంది. కొందరికి కీచురాయి అరిచినట్లు, కొందరికి కుక్కరు నుంచి ఆవిరి చిమ్మినట్లు, మరికొందరికి దూరాన ఎక్కడో మోటారు తిరుగుతున్నట్లు వినిపిస్తుంది. పగలు పనుల సందడిలో మరుగున పడే ఈ హోరు రాత్రి దీపం ఆర్పి పడుకోగానే పెద్దదవుతుంది. పక్కన పడుకున్న వారికి వినిపించదు కాబట్టి చెప్పుకొన్నా నమ్మేవారుండరు. వైద్యులు దీన్ని టినిటస్ అంటారు. నల్లరేగడి పొలాల్లో గంటల తరబడి ట్రాక్టరుపై దుక్కి దున్నే రైతులు, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల్లో నాపరాళ్ల కోత యంత్రాల వద్ద నిలబడే కార్మికులు, ప్రొద్దుటూరులో మరమగ్గాలు, నూనె, పప్పు మిల్లులను నమ్ముకున్నవారు, పులివెందుల వైపు బోరు యంత్రాల వెంట ఊరూరా తిరిగే కూలీలు ఈ బాధకు దగ్గరగా బతికేవారే. వయసు మీదపడిన వారి సంగతి చెప్పనక్కర్లేదు.

చెవి హోరుకు పూర్తిగా నయమయ్యే మందు లేదన్న మాట విన్నవారు సహజంగానే వేరే దారులు వెతుక్కుంటారు. ఆ దారుల్లో ఇటీవలి సంవత్సరాల్లో బాగా వినిపిస్తున్నది పసుపు మాత్ర. పసుపులోని కర్కుమిన్ వాపును తగ్గిస్తుందని, నరాలకు బలమిస్తుందని, చెవిలో హోరు దానంతటదే అణగిపోతుందని సెల్‌ఫోన్లలో తిరిగే మాటలు పల్లెలకూ చేరాయి. మైదుకూరు, దువ్వూరు, ఖాజీపేట మండలాల్లో పసుపు పండే జిల్లాలో, కడప మార్కెట్ యార్డుకు పసుపు కొమ్ములు తోలే రైతుల నడుమ ఈ మాటను నమ్మడానికి ఎవరూ పెద్దగా ఆలోచించరు. ఇంట్లో రోజూ తినేదే కదా, చెడు ఏముంటుందన్నది అందరి ధీమా. అసలు చిక్కు ఆ ధీమాలోనే ఉంది.

హోరు పుట్టేది ఎక్కడ?

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియా అనే భాగంలో ఒక్కో చెవికి సుమారు 16 వేల సూక్ష్మ కణాలుంటాయి. వెంట్రుకల్లాంటి కొసలుండే ఈ కణాలే శబ్ద తరంగాలను నరానికి అందే సంకేతాలుగా మారుస్తాయి. పెద్ద శబ్దాల వల్ల, వయసు వల్ల, కొన్ని మందుల వల్ల ఇవి దెబ్బతింటాయి. మనిషిలో ఒకసారి నశించిన ఈ కణాలు తిరిగి మొలవవు. చెవి నుంచి రావాల్సిన సంకేతాలు తగ్గినప్పుడు మెదడు ఆ లోటును పూడ్చుకునేందుకు తన గ్రహణశక్తిని పెంచుకుంటుంది. స్టేషను సరిగా అందని రేడియోకు శబ్దం పెంచితే బరబరమనే రొద ఎలా వస్తుందో, దాదాపు అలాగే లేని శబ్దం వినిపించడం మొదలవుతుందని పరిశోధకుల వివరణ. హోరుకు బీజం చాలామందిలో చెవిలోనే పడినా అది కొనసాగేది మెదడులో. మాత్ర మింగితే చెవిలో ఏదో కరిగిపోతుందన్న ఊహ ఇక్కడే వీగిపోతుంది.

ఇది అరుదైన బాధ కాదు. ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి 2022లో వెలువడిన ఓ సమీక్ష ప్రకారం పెద్దల్లో సుమారు 14 శాతం మంది ఏదో ఒక దశలో ఈ హోరును అనుభవిస్తున్నారు. అందరికీ అది బాధగా మారదు. నిద్రను, పనిని చెడగొట్టేంత తీవ్రంగా ఉండేది కొద్దిమందిలోనే. అయితే ఆ కొద్దిమంది అవస్థ మాత్రం చిన్నది కాదు.

పసుపుపై నమ్మకం ఊరికే పుట్టలేదు

చెవిలో శబ్దం అన్న బాధను మన పూర్వులు ఎరుగుదురు. సుశ్రుత సంహిత ఉత్తర తంత్రంలో చెప్పిన 28 కర్ణ రోగాల్లో కర్ణనాదం, కర్ణక్ష్వేడం అనేవి ఉన్నాయి. పసుపు విషయానికొస్తే దెబ్బకు పసుపు అద్దడం, జలుబుకు పసుపు కలిపిన పాలు తాగడం తెలియని ఇల్లు లేదు. గాయం మాన్పే పసుపు గుణంపై 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు దక్కినప్పుడు మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలను సాక్ష్యంగా చూపి పోరాడి 1997లో దాన్ని రద్దు చేయించింది. నాన్నమ్మల చిట్కా కోసం దేశం చేసిన పోరాటమది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా పసుపుపై చాలాకాలం పనిచేసింది. పొగతాగే అలవాటున్న 16 మందికి రోజుకు ఒకటిన్నర గ్రాముల చొప్పున 30 రోజులు పసుపు ఇవ్వగా, వారి మూత్రంలో జన్యువులకు హాని చేసే పదార్థాలు తగ్గినట్లు 1992లో ప్రచురించింది. మధుమేహం ఉన్న ఎలుకల్లో కంటి శుక్లం రావడం ఆలస్యమైనట్లు ఇదే సంస్థ శాస్త్రవేత్తలు 2005లో తెలిపారు. పసుపులో గుణం లేదని ఎవరూ అనడం లేదు. ఆ గుణం చెవి హోరుపై పనిచేస్తుందా అన్నదే ప్రశ్న.

మింగినదంతా చేరదు

పసుపులో కర్కుమిన్, దాని తోబుట్టువుల్లాంటి పదార్థాలు కలిపి సాధారణంగా 2 నుంచి 5 శాతం ఉంటాయి. కర్కుమిన్ నీటిలో కరగదు. పేగుల నుంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ. చేరిన కొద్దిపాటినీ కాలేయం వెంటనే మార్చేసి బయటకు పంపేస్తుంది. ఈ అడ్డంకిని దాటేందుకు బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో ఓ ఉపాయం కనిపెట్టారు. 2 గ్రాముల కర్కుమిన్‌తో పాటు మిరియాల్లో ఉండే పైపరిన్‌ను 20 మిల్లీగ్రాములు ఇస్తే మనుషుల రక్తంలోకి చేరే కర్కుమిన్ సుమారు 20 రెట్లు పెరిగిందని వారు చూపారు. నేటి పసుపు మాత్రల్లో చాలావాటిపై ‘మిరియాల సారంతో’ అని రాసి ఉండడానికి మూలం అదే.

ఇక చెవి సంగతి. క్యాన్సర్‌కు వాడే సిస్‌ప్లాటిన్ అనే మందు వల్ల, పెద్ద శబ్దాల వల్ల వినికిడికి జరిగే నష్టాన్ని కర్కుమిన్ కొంత తగ్గించినట్లు ఇటలీ, తుర్కియే పరిశోధకులు ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో తేలింది. ప్రచారమంతా ఈ ఆధారంపైనే నడుస్తోంది. అయితే ఆ ప్రయోగాలు దెబ్బ తగిలే సమయంలో చెవిని కాపాడగలమా అని చూసినవి. ఇరవై ఏళ్లు మరమగ్గం పక్కన నిలబడి ఎప్పుడో దెబ్బతిన్న చెవిలో మోగుతున్న హోరు తగ్గుతుందా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. మనుషుల్లో పసుపు మాత్రతో టినిటస్ నయమవుతుందని నిరూపణ కాలేదు. అసలు కర్కుమిన్‌పై అప్పటివరకు జరిగిన 120కి పైగా మానవ పరీక్షలను పరిశీలించిన అమెరికా రసాయన శాస్త్రవేత్తలు, ఉత్తుత్తి మాత్రతో పోల్చి కట్టుదిట్టంగా జరిపిన ఏ ఒక్క పరీక్షలోనూ అది ఏ జబ్బుకూ గెలిచిన మందుగా నిలవలేదని 2017లో రాశారు. ఈ తీర్పుతో విభేదించేవారూ లేకపోలేదు గానీ, చెవి హోరు వరకు చూస్తే వాదనకు కూడా తావు లేదు.

అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం 2014లో వెలువరించిన మార్గదర్శకాల్లో దీర్ఘకాలంగా బాధించే టినిటస్‌కు గింకో ఆకు సారం, మెలటోనిన్, జింక్ వంటి పూరక ఆహారాలను సిఫారసు చేయవద్దని స్పష్టంగా పేర్కొంది. వీటిలో ఎక్కువగా పరీక్షకు నిలిచింది గింకో. దానిపై 2022లో జరిగిన కాక్రేన్ సమీక్షలోనూ చెప్పుకోదగ్గ ప్రయోజనం కనిపించలేదు. పసుపుకు ఆ మాత్రం పరీక్ష కూడా జరగలేదు.

‘నాకు తగ్గింది’ అనేవారి మాటేమిటి?

పసుపు మాత్రతో హోరు తగ్గిందని చెప్పేవారు అబద్ధం ఆడుతున్నారని అనుకోనక్కర్లేదు. 53 దేశాలకు చెందిన 1788 మంది టినిటస్ బాధితులను ప్రశ్నించి 2016లో ప్రచురించిన సర్వేలో 23 శాతం మంది ఏవో పూరక ఆహారాలు వాడినట్లు తెలిపారు. అలా వాడినవారిలో సుమారు 71 శాతం మంది ఏ తేడా లేదన్నారు. 19 శాతం మంది మేలు కలిగిందన్నారు. 10 శాతం మంది బాధ పెరిగిందన్నారు. ఊళ్లో పదిమంది వాడితే మేలు పొందిన ఇద్దరి మాట నలుగురి నోళ్లలో నానుతుంది. తేడా కనిపించని ఏడుగురు సీసాను అటకపైకి నెట్టి ఊరుకుంటారు.

పైగా ఈ హోరు స్వభావమే ఎగుడుదిగుడు. నిద్ర చాలకపోయినా, దిగులు పెరిగినా ఎక్కువవుతుంది, కొన్నాళ్లకు తగ్గుతుంది. బాధ బాగా ముదిరినప్పుడే మాత్ర కొంటారు కాబట్టి, ఆ తరువాత సహజంగా వచ్చే తగ్గుదల మాత్ర ఖాతాలో పడుతుంది. నెలలు గడిచేకొద్దీ మెదడు ఆ శబ్దానికి అలవాటు పడి పట్టించుకోవడం మానేయడం కూడా చాలామందిలో జరిగేదే. గోడ గడియారం టిక్‌టిక్ కొత్తలో వినిపించి తరువాత వినిపించకుండా పోయినట్లే ఇది.

కూరలో చిటికెడు.. మాత్రలో గుప్పెడు

పనిచేయకపోతే పోయేది డబ్బే కదా అన్న మాట ఒకటుంది. పసుపు మాత్ర విషయంలో అది పూర్తిగా నిజం కాదు. చెంచాడు పసుపు అంటే సుమారు 3 గ్రాములు. అందులో 3 శాతం కర్కుమిన్ ఉందనుకుంటే 90 మిల్లీగ్రాములు. ఆ పసుపు నూనెలో వేగి, పప్పులో ఉడికి, ఇంటిల్లిపాదికీ పంపకమవుతుంది. 95 శాతం సారంతో చేసిన 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి మింగితే 475 మిల్లీగ్రాములు ఒకేసారి కడుపులో పడతాయి. అది దాదాపు 16 గ్రాముల పసుపుతో సమానం. ఆహారంలో కలిపే రంగుగా కర్కుమిన్‌ను కిలో శరీర బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాముల వరకు తీసుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార, వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల కమిటీ నిర్ణయించింది. 60 కిలోల మనిషికి అది 180 మిల్లీగ్రాములు. ఒక్క మాత్రే ఆ హద్దును రెండున్నర రెట్లు దాటుతోంది. దానికి మిరియాల సారం తోడైతే రక్తంలోకి చేరేది ఇంకా పెరుగుతుంది.

దీని ఫలితం విదేశాల్లో ఇప్పటికే బయటపడింది. ఇటలీలో 2019లో పసుపు మాత్రలు వాడిన 20 మందికి పైగా కాలేయ వాపు, కామెర్లతో వైద్యుల వద్దకు చేరడంతో అక్కడి ప్రభుత్వం హెచ్చరికలు జారీ చేసింది. మందుల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులను నమోదు చేసే అమెరికా వైద్యుల బృందం పసుపు వల్ల కలిగిన 10 కేసులను 2022లో వెల్లడించింది. వారిలో ఐదుగురు ఆసుపత్రి పాలయ్యారు. ఒకరు మరణించారు. పది మందిలో ఏడుగురికి ఒకే రకమైన జన్యు లక్షణం ఉన్నట్లు తేలింది. ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ తనకు అందిన 18 కాలేయ సమస్యల ఫిర్యాదులను చూపుతూ 2023 ఆగస్టులో ప్రజలను అప్రమత్తం చేసింది. కోట్లమంది వాడే వస్తువులో ఇవి కొద్ది కేసులే. కానీ ఎవరి కాలేయం తట్టుకోదో ముందుగా తెలియదు. వంటలో వాడే పసుపుతో ఈ ప్రమాదం లేదని ఆస్ట్రేలియా సంస్థ తన ప్రకటనలోనే తెలిపింది.

గుండె జబ్బుకు, పక్షవాతానికి రక్తం పలుచబడే మందులు వాడేవారు పసుపు మాత్రల జోలికి వెళితే రక్తస్రావం కావచ్చు. పిత్తాశయంలో రాళ్లున్నవారు, మధుమేహం మాత్రలు వాడేవారు కూడా వైద్యుణ్ని అడగకుండా తీసుకోరాదు. ఇందులో మరో మెలిక ఉంది. ఎక్కువ మోతాదులో పసుపు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనీయదు. రక్తహీనత ఉన్నవారిలో గుండె కొట్టుకున్నట్లు లయగా హోరు వినిపించడం కద్దు. మన పల్లెల్లో ఆడవాళ్లకు రక్తహీనత ఎంత మామూలో తెలిసిందే. హోరు తగ్గాలని మింగిన మాత్ర హోరుకున్న కారణాన్నే పెంచితే అంతకన్నా విడ్డూరం ఉండదు.

చట్టం సంగతీ చూడాల్సి ఉంది. 2016 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఇలాంటి పూరక ఆహారాల సీసాపై ‘ఔషధ వినియోగానికి కాదు’ అని అచ్చు వేయాలి. చెవుడు నయం చేస్తామంటూ ప్రకటనలివ్వడం 1954 నాటి మందులు, మాయ చికిత్సల చట్టం కింద నేరం. సీసాపై చిన్న అక్షరాల్లో మందు కాదని, ఫోన్లో మాత్రం పెద్ద గొంతుతో మందేనని చెప్పడం ఎందుకో కొనేవారే అడగాలి.

ముందు కారణం తేలాలి

డబ్బు, కాలేయం కన్నా ఎక్కువగా పోయేది సమయం. చెవి హోరుకు కారణాల్లో కొన్ని తేలిగ్గా సరయ్యేవి ఉన్నాయి. గుబిలి గట్టిపడి చెవిని మూసేయడం అందులో మొదటిది. అది తీసేస్తే చాలామందికి అక్కడికక్కడే ఉపశమనం దొరుకుతుంది. చీము కారడం, కర్ణభేరికి రంధ్రం, అధిక రక్తపోటు, రక్తహీనత, దవడ కీలు నొప్పి కూడా కారణాలే. వాడుతున్న మందులే హోరు తెప్పించవచ్చు. ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్, మలేరియాకు వాడే క్వినైన్, జెంటామైసిన్, అమికాసిన్ వంటి సూదిమందులు, ఒంటి నీరు తీసే కొన్ని మందులు చెవిపై ప్రభావం చూపుతాయి. ఒళ్లు నొప్పులకు, జ్వరానికి పేరు తెలియని సూది వేయించుకునే అలవాటున్న చోట ఈ మాట ముఖ్యం.

చెవిలో వెల్లుల్లి కాచిన నూనె పోయడం, పసుపు పొడి చల్లడం పల్లెల్లో ఇంకా ఉంది. కర్ణభేరికి రంధ్రం ఉంటే అవి నేరుగా మధ్య చెవిలోకి చేరి చీము పట్టిస్తాయి. తెలిసినవారు చెప్పారని పిన్నుతో, అగ్గిపుల్లతో గుబిలి తీయబోయి కర్ణభేరి చింపుకొన్నవారికి కొదవ లేదు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగరాదు. ఉన్నట్టుండి ఒక చెవి వినిపించకుండా పోయి హోరు మొదలైతే అది అత్యవసరం. స్టెరాయిడ్ చికిత్స మొదటి రెండు వారాల్లో, ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. నెల రోజులు పసుపు మాత్ర వాడి చూద్దామని కూర్చుంటే ఆ అవకాశం చేజారిపోతుంది. హోరు ఒక్క చెవిలోనే నిలిచి ఉండడం, గుండె లయతో కలిసి మోగడం, తల తిరగడం, ముఖం ఒకవైపు వాలడం వంటివి ఉన్నా వెంటనే చూపించుకోవాలి.

ఉపశమనం ఉన్న దారులు

హోరును పూర్తిగా మాన్పే మాత్ర ఇప్పటికి లేకపోయినా, దాని బాధను తగ్గించే మార్గాలు పరీక్షకు నిలిచినవి ఉన్నాయి. వినికిడి తగ్గినవారికి సరైన వినికిడి యంత్రం పెడితే బయటి శబ్దాలు చెవికి చేరి హోరు వెనక్కి తగ్గుతుంది. రాత్రిళ్లు పూర్తి నిశ్శబ్దంలో పడుకోకుండా ఫ్యాను తిరగనివ్వడం, చిన్న శబ్దంతో రేడియో పెట్టుకోవడం కొందరికి మేలు చేస్తాయి. హోరు వినిపించగానే కలిగే భయాన్ని, ఆలోచనలను మార్చే మాటల చికిత్సను అమెరికా మార్గదర్శకాలు సిఫారసు చేశాయి. ఇది మన ప్రాంతంలో అందరికీ అందుబాటులో లేదన్నది వాస్తవం. నిద్రలేమి, దిగులు తీవ్రంగా ఉన్నవారు 2022లో ప్రారంభమైన టెలి మానస్ ఉచిత సేవకు 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

యంత్రాల పక్కన పనిచేసేవారి విషయంలో నివారణ ఒక్కటే గట్టి మందు. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ శబ్దం మించరాదన్నది మన దేశంలో ఫ్యాక్టరీలకు చాలాకాలంగా ఉన్న హద్దు. మరమగ్గాల షెడ్డులో, రాయి కోసే చోట ఆ హద్దు దాటడం పరిపాటి. శబ్దం వల్ల వచ్చే చెవుడును 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో సవరణ ద్వారా వృత్తి వ్యాధిగా చేర్చారు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య నియమావళి ప్రకారం విద్యుత్తుతో నడుస్తూ 20 మంది కన్నా తక్కువ పనిచేసే యూనిట్లు ఫ్యాక్టరీ నిర్వచనంలోకే రావు. మన చుట్టూ ఉన్న చిన్న షెడ్లు చాలావరకు ఆ గీతకు ఇవతలే ఉంటాయి. అక్కడి కార్మికుడి చెవికి రక్షణ అతడు పెట్టుకునే స్పాంజి బిరడా, యజమాని ఇచ్చే చెవి కప్పే. దూది కుక్కుకుంటే శబ్దం చెప్పుకోదగినంత ఆగదు.

చెవి హోరు రెండు వారాలకు మించి ఉంటే మొదట దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు, రక్తహీనత పరీక్షలు చేయించుకోవాలి. అక్కడి వైద్యుడి సలహాతో ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికి గానీ, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు విభాగానికి గానీ వెళ్లి వినికిడి పరీక్ష చేయించుకోవచ్చు. వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల చీటీలతో పాటు పసుపు మాత్రల సీసా ఉంటే దాన్నీ వెంట తీసుకెళ్లాలి. అది మందు కాదు కదా అని చాలామంది డాక్టరుకు చెప్పరు. ఇప్పటికే ఆ మాత్రలు వాడుతున్నవారికి ఆకలి మందగించినా, మూత్రం చిక్కటి పసుపు రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆపేసి కాలేయ పరీక్ష చేయించుకోవాలని వైద్యులు సూచిస్తున్నారు.